పార పట్టే ముందు గోడను చూడండి

రాయలసీమ పల్లెల్లో పాత మిద్దెల్ని, కొట్టాల్ని బాగు చేయించుకుందామనే వాళ్లు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. సంతోషం. కానీ చాలామంది ముందుగా పిలిచేది కాంట్రాక్టరును. ఆయన గంటలో అంచనా వేసేస్తాడు: పాత పూత కొట్టేయాలి, సిమెంటు పూయాలి, పైన స్లాబు వేయాలి. మట్టి కట్టడాన్ని పోగొట్టుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. పాత కట్టడాల పని చేసేదాన్ని కనుక చెబుతున్నాను, మరమ్మతులో సగం పని పార పట్టకముందే జరగాలి.

కడప జిల్లాలో ఒక రైతు కుటుంబం తమ పశువుల కొట్టాన్ని చూడమంది. బురదలో రాళ్లు పేర్చి కట్టిన మందపాటి గోడలు. లోపల గాటిపాడు, గాడి, ఓ పక్కన గడ్డి వేసే గది. పైన దూలాలు, దంతెలు, బోద పరిచి తొక్కిన మట్టి, ఆపైన చవుడు. గాడి వెనక గోడ మోకాలెత్తు వరకు పొట్టు పొట్టుగా రాలుతోంది. మట్టి పాతబడి సత్తువ పోయిందని ఇంటివాళ్లు అనుకుంటున్నారు.

రాలిన చోట వేలితో గీకితే సన్నని తెల్లటి సూదుల్లాంటివి కనిపించాయి. పెట్లుప్పు! తరాలుగా పశువుల మూత్రం నేలలో ఇంకి నైట్రేటుగా మారుతుంది. నేల తడితో గోడలోకి పాకుతుంది. గాలి తగిలి తడి ఆరేచోట ఉప్పు గడ్డకడుతుంది, ఆ గడ్డకట్టే ఒత్తిడికి మట్టి పొరలు విడిపోతాయి. మందుగుండుకు కావలసిన పెట్లుప్పును పూర్వం పశువుల కొట్టాల మట్టి నుంచి కూడా తీసేవారు. అంటే ఇక్కడ రోగం గోడది కాదు, నేలది. పైన ఏ పూత పూసినా లాభం లేదు. నేలలోని ఉప్పు మట్టి తోడి కొత్త మట్టి వేయాలి, గోడ పక్క నీళ్లు నిలవకుండా వాలు తీయాలి. గోడకు తడి మట్టి పట్టించి, ఆరాక ఉప్పుతో సహా ఒలిచేయాలి. ఉప్పు తగ్గేదాకా అదే పని మళ్లీ మళ్లీ చేయాలి.

అదే కొట్టానికి వీధి వైపు గోడకు కొన్నేళ్ల కిందట సిమెంటు పూశారు. అక్కడ తడి మరక నడుమెత్తుకు ఎక్కింది! బయటికి పోయే దారి మూసేస్తే తడి పైకే పోతుంది మరి. తడిసిన బంకమట్టికి బరువు మోసే బలం ఉండదు. ఇంగ్లండులో డెవన్ ప్రాంతపు మట్టి కొట్టాలు కూడా సిమెంటు పూత వెనక ఇలాగే నాని కూలాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని మట్టిని పోల్చి చూడటం. గోడ నుంచి రాలిన మట్టి ఒక గాజు సీసాలో, ఊరి చెరువు మట్టి ఇంకొక దాంట్లో, దిబ్బ మీది ఎర్రమట్టి మరొక దాంట్లో. నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి పక్కన పెడతాను. ఇసుక నిమిషాల్లో అడుగుకు చేరుతుంది, ఒండ్రుకు గంటలు పడుతుంది, బంకమన్ను తేరుకోవడానికి ఒక రోజైనా కావాలి. ఇవి ప్రయోగశాల లెక్కలు కావు, కానీ గోడ కట్టినవాళ్లు మట్టి ఎక్కణ్నుంచి తెచ్చారో ఊహించడానికి చాలు. అతుకు వేసే మట్టి పాతదానికి దగ్గరగా ఉండాలి. నల్లరేగడి ఎక్కువైతే తడికి ఉబ్బి, ఎండకు బీటలిచ్చి, పాత గోడను వదిలేస్తుంది.

పైకప్పు సంగతి నాకు భయం కలిగించింది. ఊళ్లో మట్టి పని తెలిసిన పెద్దాయన చెప్పాడు: “మా నాయన కాలంలో పాత చవుడు గీకేసి కొత్తది పోసేవోళ్లమ్మా. ఇప్పుడు పైన పైన్నే పోస్తాండారు.” సోడియం ఎక్కువగా ఉండటం వల్ల చవుడు తడవగానే సందులు మూసుకుని వాన నీటిని ఆపుతుంది. గొప్ప తెలివి అది. కానీ ఏటా పోస్తూపోతే అడుగు మందం చేరేసరికి చదరపు మీటరుకు సుమారు అర టన్ను బరువు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో కిల్లారి భూకంపానికి వేల మంది చనిపోయింది ఇలాంటి రాతిగోడలు, బరువైన మట్టి మిద్దెల కిందే. అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదం ఉన్న జోన్‌లో ఉంది. అక్కడి గోడల్లో లోపలి వరసనూ బయటి వరసనూ కలిపి పట్టే పొడుగు రాళ్లు లేవు. కుదుపుకు గోడ రెండుగా చీలిపోయింది. అందుకే పాత మిద్దె ఎంత అందంగా ఉన్నా, ఆ పొడుగు రాళ్లు ఉన్నాయో లేదో చూడకుండా, పైన మట్టి మందం కొలవకుండా మనుషుల్ని గానీ పశువుల్ని గానీ దాని కింద ఉంచమని నేను చెప్పలేను. బలహీనమైన రాతి కట్టడాల్లో ఈ రాళ్లు ఎలా పెట్టాలో భారత ప్రమాణం 13828లో 1993 నుంచీ ఉంది. మన మేస్త్రీలకు దాన్ని తెలుగులో అందించాలి.

మీ ఇంట్లో ఇలాంటి కొట్టం ఉంటే పని మొదలుపెట్టే ముందు ఒక వానాకాలం ఆగండి. దోనె నీళ్లు ఎక్కడ పడుతున్నాయో, మరక ఎంత ఎత్తుకు ఎక్కిందో, ఏ పగులు వెడల్పవుతోందో తేదీ వేసి ఫొటోలు తీసి పెట్టుకోండి. ఊళ్లో చవుడు పోయడం తెలిసిన చివరి మనిషి ఎవరో కనుక్కుని, ఆయనకు తగిన కూలి ఇచ్చి, ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లండి. కాంట్రాక్టరును ఆ తర్వాతే పిలవండి.