‘హిందూ అమెరికా’ వాదము - పదసాక్ష్య విమర్శ

కొలంబసు 1492లో అమెరికా ద్వీపములను చేరుటకు పూర్వమే భారతీయ నావికులు మహాసముద్రములను దాటి అచట వర్తకము నెరపిరను వాదము మన దేశమున చిరకాలముగా వినవచ్చుచున్నది. 1940లో చమన్‌లాల్ ప్రకటించిన ‘హిందూ అమెరికా’ ఈ వాదమునకు మిక్కిలి ప్రచారము కల్పించినది. మెక్సికో, పెరూ దేశముల ఆచారములకును మన ఆచారములకును గల పోలికలను పేర్చి, ఆ నాగరికతలకు మూలము భారతదేశమేయని నిర్ణయించుట ఆ గ్రంథమునందలి పద్ధతి. ఈ త్రోవను నడచినవారు మయజాతి పేరున మయాసురునిగూడ దర్శించిరి. ఈ సిద్ధాంతము మనకు ప్రియమైనదా కాదా యనునది మా ప్రశ్న కాదు. పోలిక ఎంతవరకు ప్రమాణము కాగలదనునదియే ఇచట విచార్యాంశము.

మొదట శిల్పసాక్ష్యమును చూతము. అలెగ్జాండరు కన్నింగుహాము 1879లో ప్రకటించిన తన గ్రంథమున, భర్హుతు స్తూపశిల్పములలో సీతాఫలమును గుర్తించితినని తలచెను. 1989లో జోహన్నెస్సెన్, పార్కరు అను పరిశోధకులు కర్ణాటకమునందలి సోమనాథపుర హొయసల దేవాలయమున, 13వ శతాబ్ది ప్రతిమల హస్తములందున్నవి మొక్కజొన్న కంకులని వాదించిరి. పాయక్, సచన్ అను మన శాస్త్రజ్ఞులు 1993లో దానిని ఖండించి, అవి కంకులు కావనియు, ముత్యములతో కూర్చినట్లు భావింపబడిన ‘ముక్తాఫల’మను కల్పిత ఫలమనియు చెప్పిరి. వరుసలు తీరిన గుండ్రని గింజలు కంకియందును గలవు, ఆభరణమందును గలవు. కావున కంటికి తోచిన పోలిక విచారణకు ఆరంభమే కాని తీర్పు కానేరదు.

ఇక పదసాక్ష్యము. ఇది భాషాధ్యయనపరులమైన మనకు స్వక్షేత్రము. ‘సీతాఫల’మను పేరు వినినవారికి ఆ ఫలము రామాయణ కాలమునాటిదని తోచుట సహజము. కాని పొగాకు, వేరుశెనగ, జీడిమామిడి, మొక్కజొన్న, సీతాఫలము - ఈ ఐదింటికిని జన్మభూమి అమెరికా. 16వ శతాబ్ది మొదలుకొని ఐరోపా నావికుల మూలమున ఇవి మన దేశమునకు వచ్చెనని వృక్షశాస్త్రజ్ఞుల సామాన్యాభిప్రాయము. పేర్లు మాత్రము పరదేశపు వాసన లేనివి. పొగ, ఆకు, వేరు, శెనగ, జీడి, మామిడి - ఇవన్నియు మనవారికి ముందే ఎరుకయైన మాటలు. క్రొత్త వస్తువును చూచిన ప్రజలు దానిని తాము ఎరిగిన వస్తువుతో పోల్చి పేరు పెట్టుకొనిరి. కావున పేరు స్వదేశీయమైనంత మాత్రమున వస్తువు ప్రాచీనము కాదు. అట్లే, సమాసమైనంత మాత్రమున పేరు అర్వాచీనమనియు చెప్పరాదు. ఆ పదము ఏ శాసనమున, ఏ కావ్యమున, ఏ కాలమున మొదట కన్పట్టుచున్నదో చూపినప్పుడే దానికి సాక్ష్యత్వము సిద్ధించును.

నిజమైన పదసాక్ష్యమునకు ఉదాహరణము పసిఫిక్ మహాసముద్రమున కలదు. చిలగడదుంప దక్షిణామెరికా ఖండపు పంట. దానిని పాలినీషియా ద్వీపవాసులు ‘కుమర’ అనియు, తత్సదృశ రూపములతోను వ్యవహరింతురు. దక్షిణామెరికాలోని కెచువా భాషయందును ‘కుమర్’ అను రూపము కలదు. ఒకే వస్తువునకు సముద్రమున కిరువైపులను ఒకే పదముండుట గమనింపదగినది. కుక్ ద్వీపములలోని మంగయియాలో, ఐరోపావారి రాకకు పూర్వపు పొరలలో, కాలిన దుంప శకలములు లభించినవి. అయినను ఆ మొక్క మనుష్య సహాయము లేకయే సముద్రమును దాటియుండవచ్చునని 2018లో కొందరు ఆక్షేపించిరి. 2020లో ప్రకటితమైన జన్యుపరిశీలనము, సుమారు క్రీ.శ. 1200 ప్రాంతమున పాలినీషియనులకును దక్షిణామెరికా ఆదివాసులకును రక్తసంబంధ మేర్పడినట్లు చూపినది. పదము, వస్తువు, రక్తము - ఈ మూడును ఒక్క దిక్కునే చూపుచున్నవి. ఇంత సాక్ష్యమున్నను దీనివలన తేలునది సంపర్కమే కాని వర్తకము కాదు.

వర్తకము జరిగినచోట దాని గురుతులు నిలుచును. ఆంధ్రదేశమున దొరకిన రోమను నాణెములు, అరికమేడులో బయల్పడిన మధ్యధరా ప్రాంతపు మధుభాండములు ఇందుకు తార్కాణములు. అమెరికాతో మనకు వర్తకముండెననుటకు నిర్వివాదమైన ఇట్టి సాక్ష్యము ఒక్కటియు లేదు. మన నావికుల ఘనత ఈ లేమివలన తగ్గదు. తూర్పు సముద్రమును దాటిన వారి యాత్రలకు శాసనములే సాక్షులు. నిరూపితమైన కీర్తి ప్రక్కన నిరూపింపబడని కీర్తిని చేర్చినచో, చూచువారు మొదటిదానినిగూడ శంకింతురు.

పరిశోధక విద్యార్థులకు ఇందొక పని మిగిలియున్నది. అమెరికానుండి వచ్చిన ప్రతి మొక్కకును తెలుగున గల పేర్లను మాండలికములతో సహా సేకరించి, వాని ప్రథమ ప్రయోగములను కాలక్రమమున నిర్ణయింపవలెను. అట్టి పట్టిక సిద్ధమైననాడు ఈ వాదము నిలుచునో కూలునో తెలుగు భాషయే కొంతవరకు చెప్పగలదు. అది ఏమి చెప్పినను అంగీకరించుటకు మనము సిద్ధముగా నుండవలెను.