ముల్లు దొరికేదాకా

మే నెల ఎండలో నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారి. బండి వెనక చక్రం ఉన్నట్టుండి అటూ ఇటూ ఈడవడం మొదలెట్టింది. ఈ కాలమ్ రాసే మనిషి దిగి చూశాడు. టైరు నేలకు అతుక్కుపోయి ఉంది. బండి తోసుకుంటూ, ఏ చెట్టుకైనా పాత టైరు వేలాడుతుందేమోనని వెతుక్కుంటూ నడిచాడు. ఆ వేలాడే టైరే పంచర్ షాపులకు బోర్డు.

తెలుగువాళ్ళు పంచర్ అనే మాటను భలే వాడుకున్నారు. పంచర్ పడితే బండి ఆగుతుంది, పంచర్ వేస్తే కదులుతుంది. చిల్లుకీ అదే మాట, అతుక్కీ అదే మాట. 'ఇచ్చట పంచర్లు వేయబడును' అన్న బోర్డు చూసి ఎవరూ భయపడి పారిపోరు.

నూజివీడు 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. అక్కడి మామిడి రసాలకు ఆ సంగతి పట్టలేదు. వేసవి వస్తే చిక్కాలు పట్టుకుని కూలీలు తోటల్లోకి దిగుతారు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు ట్రేలకెక్కుతాయి. ఆ ట్రేలను రెండు పక్కలా కట్టుకుని ఎక్సెల్ బళ్ళు తోటలోంచి రోడ్డు మీదికొస్తాయి. వాటి దారిలో కంచెకు వేసిన తుమ్మకంప ఎండి రాలి ఉంటుంది. పాత చెక్కపెట్టెల మేకులూ ఉంటాయి. ఇంక పల్లేరుకాయల సంగతి చెప్పనే అక్కర్లేదు. అమెరికావాళ్ళు ఆ మొక్కకు పంక్చర్ తీగ అనే పేరు పెట్టారు.

చివరికి ఓ షాపు దొరికింది. అక్కడి పెద్దాయన ముందు ఇనుప పట్టీ అందుకోలేదు. చక్రం తిప్పి వాల్వు చూశాడు. అది నిటారుగా ఉంది. "ఫర్వాలేదండి, ట్యూబు బతికే ఉంది" అన్నాడు. గాలి తగ్గిన బండిని అలాగే నడిపితే టైరు రిమ్ము మీద జారి, ట్యూబును తనతో ఈడ్చుకుపోతుంది. అప్పుడు వాల్వు పక్కకు వాలి, మొదట్లో చిరుగుతుంది. అక్కడ అతుకు నిలవదు, కొత్త ట్యూబు వేయాల్సిందే.

తర్వాత టైరు అంచును ఒక పక్క రిమ్ము నడిమి పల్లంలోకి కాలితో తొక్కాడు. రెండో పక్క అంచు వదులైంది. రెండు పట్టీలతో దాన్ని పైకి లేపి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచాడు. సన్నటి బుడగల వరస లేచింది. పని అయిపోయిందనే కాలమిస్టు అనుకున్నాడు. ఒకప్పుడు ఇంట్లో తనే పంచర్ వేసుకుని, రెండు కిలోమీటర్లు పోకుండానే మళ్ళీ అదే చోట చిల్లు తెచ్చుకున్న ఘనుడు ఆయన.

పెద్దాయనకు మాత్రం అసలు పని అప్పుడే మొదలైంది. ట్యూబులో చిల్లు వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూసుకుని, టైరులోనూ అంతే దూరంలో వేళ్ళు పెట్టి మెల్లగా తడిమాడు. తొందరపడితే ముల్లు వేలికి దిగుతుంది. ఓ చోట వేలు ఆగింది. బయట విరిగిపోయి కంటికి కనపడని తుమ్మముల్లు లోపల మాత్రం బియ్యపు గింజంత మొన తేలి ఉంది. కటింగ్ ప్లేయరుతో లాగి అరచేతిలో పెట్టి చూపించాడు.

చిల్లు ఉన్న చోటే సగం కథ చెబుతుంది. ట్యూబు వెలుపలి వైపు ఉంటే ముల్లో మేకో. రిమ్ము వైపు ఉంటే చువ్వ మొన పొడుచుకొచ్చింది, రిమ్ టేపు చిరిగింది. పాము కాటులా పక్కపక్కనే రెండు గాట్లుంటే గాలి తక్కువ, బరువు ఎక్కువ, మధ్యలో గుంత. మామిడికాయల కాలంలో ఈ కాటు మామూలే.

ట్యూబును గరుకు కాగితంతో రుద్ది సొల్యూషన్ రాశాక ఆయన బీడీ ముట్టించుకున్నాడు, ట్యూబుకు దూరంగా జరిగి. ఆ ద్రావకం నిప్పంటుకునే సరుకు. అది ఆరకుండా ప్యాచ్ వేస్తే తడి లోపల చిక్కుకుని అతుకు లేస్తుంది. ఆరాక వేస్తే ప్యాచ్ అడుగునున్న రసాయనం సొల్యూషన్‌తో కలిసి రెండు రబ్బర్లనూ ఒకటి చేస్తుంది. ఇక్కడి నర్సరీల్లో మామిడి అంటు కట్టేవాళ్ళకు ఈ ఓపిక అలవాటే: కోత శుభ్రంగా ఉండాలి, బిగువుగా కట్టాలి, తర్వాత ముట్టుకోకూడదు.

గాలి టైరుకు 1845లో స్కాట్లండ్ మనిషి థామ్సన్ పేటెంటు తీసుకున్నాడు. 1888లో డన్‌లప్ కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం దాన్ని మళ్ళీ కనిపెట్టి పేరు కొట్టేశాడు. కానీ పంచర్ వేసేవాళ్ళు దండం పెట్టాల్సింది మిషలిన్ సోదరులకు. అంతకుముందు రిమ్ముకే అంటించేసే సైకిలు టైరును 1891లో వాళ్ళు ఊడదీసి మళ్ళీ తొడిగేలా చేశారు.

ఇప్పుడు అల్లాయ్ చక్రాల బళ్ళకు ట్యూబే లేదు. సబ్బునీళ్ళు పోసి, చిల్లును గరుకు ఊచతో తిప్పి, జిగురు తాడు దూర్చేస్తే అయిపోతుంది. నాలుగు నిమిషాల పని. అయితే పక్కగోడకు చిల్లు పడితే తాడు దూర్చకూడదు, టైరు మార్చాలి. దూర్చి పంపేవాళ్ళు ఉన్నారు, అది వేరే సంగతి.

పెద్దాయన ట్యూబులో కాస్త గాలి నింపి లోపలికి సర్దాడు. ఖాళీ ట్యూబయితే పట్టీ కింద నలిగి కొత్త చిల్లు పడుతుంది. అంచు ఎక్కించి, గాలి కొట్టి, వాల్వు మీద ఉమ్మి రాశాడు. బుడగ రాలేదు.

"ఏ తోటలోకి వెళ్ళారండీ?"

కాలమిస్టు చెప్పాడు. ఆయన తలూపాడు, ఆ కంచె తనకు బాగా తెలిసినట్టు.

ఇంతలో నాలుగు ట్రేల రసాలతో ఓ కుర్రాడు ఎక్సెల్ తోసుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చాడు. పెద్దాయన కూర్చున్న చోటి నుంచే వెనక చక్రం వంక చూశాడు. వాల్వు ఓ పక్కకు వాలిపోయి ఉంది.

"ట్యూబు కొత్తది తెచ్చుకో అబ్బాయ్. ముందు ఆ ట్రేలు నీడకి దించు."