రాక్షసగుళ్ళ నుంచి ఆదిమానవుడి దాకా: తెలుగులో పూర్వీకుల పేర్లు - ఒక పరిశీలన

కీలకపదాలు: ఆదిమానవుడు, రాక్షసగుళ్ళు, బృహత్ శిలాయుగం, జ్వాలాపురం, చెంచులు, జాతి, మనిషితనం

గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో బృహత్ శిలాయుగపు సమాధులున్నాయి. ఆచార్య కె.పి. రావు బృందం అక్కడ తవ్వకాలు జరిపి, దొరికిన ఇనుప పనిముట్ల కాలం క్రీ.పూ. 2000కు ముందటిదని ప్రతిపాదించింది. దక్కనులో ఇనుము వాడకాన్ని అంత వెనక్కి జరపడం చర్చకు తావిచ్చేదే. అయితే ఈ వ్యాసానికి సంబంధించినంతవరకు ప్రధానమైనది కాలనిర్ణయం కాదు, పేరు. ఇటువంటి సమాధులు ఎక్కడ బయటపడినా పత్రికలు, విద్యార్థుల వ్యాసాలు, కొన్నిసార్లు పరిశోధన గ్రంథాలు కూడా వాటిని 'ఆదిమానవుల సమాధులు' అంటాయి. ఇనుము కరిగించి, నలుపు-ఎరుపు కుండలు చేసి, పంట పండించి, చనిపోయినవారి పక్కన వారి వస్తువులు పేర్చిన మనుషులు ఆదిమానవులెట్లా అవుతారు? మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ శిలాజాలను బట్టి హోమో సేపియన్స్ వయస్సు సుమారు 3,00,000 ఏళ్ళు. అందులో ఈ సమాధులకూ మనకూ నడుమ ఉన్నది నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతమంతా ఐటీ కారిడార్‌గా పెరిగింది. అద్దాల భవనాలకు పునాదులు తీసినవారికీ ఈ బండలు నిలిపినవారికీ శరీరంలో గాని, మెదడులో గాని చెప్పుకోదగిన తేడా లేదు.

తెలంగాణ పల్లెల్లో ఈ సమాధుల వాడుక పేరు 'రాక్షసగుళ్ళు'. మరికొన్ని చోట్ల వాటిని పాండవులకు అంటగడతారు. ఈ పేర్లలో ఒక తర్కముంది. పదిమంది కలిసినా కదలని బండను ఎత్తి కప్పుగా వేసినవారు మనవంటి మనుషులై ఉండరని పల్లె ఊహించింది. ఆ పని మనుషులకు మించినది కాబట్టి రాక్షసులకు అప్పగించింది. చదువుకున్నవారు ఈ పేరును మూఢనమ్మకంగా కొట్టివేసి 'ఆదిమానవుడు' అన్నారు. పల్లె పేరు వారిని మనకంటే పైకి ఎత్తింది, చదువు పేరు కిందికి దించింది. వారు మనవారు కారనడంలో మాత్రం రెండూ ఏకీభవించాయి. నిజానికి రాక్షసగుడి అన్న మాటలో కనీసం ఆ నిర్మాణాన్ని చూసిన ఆశ్చర్యమైనా మిగిలింది. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయంటే అందుకు కారణం ఆ ఆశ్చర్యానికి పాత్రమైన పనితనమే.

'ఆదిమానవుడు' అన్న సమాసాన్ని వ్యాకరణపరంగా చూస్తే ఇబ్బంది మరింత స్పష్టమవుతుంది. అది ఏకవచనం, పుంలింగం. ఆదిమానవుడు గుహల్లో ఉండేవాడు, వేటాడేవాడు, నిప్పు కనుగొన్నాడు అన్న ధోరణి పాఠాల్లో మనకు చిరపరిచితం. లక్షల ఏళ్ళు, మూడు ఖండాలు, కనీసం అరడజను జీవజాతులు ఒక్క మగవాడిలో ఇమిడిపోయాయి. తెలుగు క్రియ కర్త లింగాన్ని చెప్పక తప్పదు గనుక, కర్తను ఏకవచనంలో పెట్టిన మరుక్షణమే ఆడవారు వాక్యం నుంచి వెళ్ళిపోతారు. 'తొలి మనుషులు' అని బహువచనంలో రాస్తే 'ఉండేవారు' వస్తుంది. స్త్రీపురుషులిద్దరికీ అందులో చోటుంటుంది. ఇంత చిన్న సవరణకు పరిభాషా సంఘాలు అక్కరలేదు.

ఈ మాట శాస్త్రచర్చను కూడా ఎట్లా కప్పిపుచ్చుతుందో చూపడానికి జ్వాలాపురం చాలు. నంద్యాల జిల్లాలోని జుర్రేరు లోయలో, సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద పొరగా నిలిచి ఉంది. ఆ పొర కిందా పైనా ఒకే తీరు రాతి పనిముట్లు దొరికాయని మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు 2007లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. వాటిని చేసింది హోమో సేపియన్స్ అని వారి వాదం. ఆధునిక మానవులు ఇటు వచ్చింది ఆ తరువాతేనని, కాబట్టి చేసినవారు వేరే జాతి కావచ్చునని పాల్ మెల్లర్స్ వంటివారు ఎదురు వాదించారు. ఆ కాలపు అస్థిపంజరం అక్కడ దొరకలేదు. రాళ్ళు మాత్రమే సాక్ష్యం. అంటే మన నేల మీద తేలని అతిపెద్ద ప్రశ్న 'అవి చేసినవారు మనమా, మరొకరా' అన్నది. తెలుగులో 'జ్వాలాపురంలో ఆదిమానవుడి ఆనవాళ్ళు' అని రాయగానే ఆ ప్రశ్న అడగడానికే వీలులేకుండా పోతుంది.

సాహిత్య బోధనలోనూ ఇదే జరుగుతున్నది. రాహుల్ సాంకృత్యాయన్ 'ఓల్గా నుంచి గంగకు' (హిందీ మూలం 1943) తెలుగు పాఠకులకు ఎంతో దగ్గరైన పుస్తకం. అందులో తొలి కథ 'నిశ'ను ఆదిమానవుడి కథగా చెప్పడం తరగతి గదుల్లో అలవాటు. రచయిత దానికిచ్చిన కాలం క్రీ.పూ. 6000. ఆనాటికే బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో వ్యవసాయం సాగుతోంది. నిశ గణం వేటాడుతుంది, గుహలో ఉంటుంది, నిజమే. కాని తల్లీకూతుళ్ళ నాయకత్వ స్పర్ధ మీద నడిచే ఆ కథలోని మనస్సు పూర్తిగా మన మనస్సే. రాహుల్ బలం అక్కడే ఉంది. కుటుంబం, ఆస్తి, అధికారం చారిత్రకంగా మారతాయని చూపడానికి ఆయన ఎన్నుకున్న పాత్రలు జీవశాస్త్రరీత్యా మారని మనుషులు. 'ఆదిమ' అన్న చీటీ అంటించి చదివితే ఈ వాదం కనబడదు. అడవి మనుషుల వింత మాత్రం మిగులుతుంది.

యాదృచ్ఛికమే గాని, అదే 1943లో హైమన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన గ్రంథం వెలువడింది. పేరు తెచ్చే నష్టం అన్నిటికంటే ఎక్కువగా పడింది చెంచుల మీద. వారు నల్లమలలో మన కాలంలోనే ఉన్నారు, మాట్లాడేది తెలుగే. అహోబిలం కథలో నరసింహస్వామికి పిల్లనిచ్చినవారు. అయినా చాలాకాలం ప్రభుత్వ పత్రాల్లో వారు 'ఆదిమ' గిరిజన తెగ. కేంద్ర ప్రభుత్వం 2006లో ఆ విశేషణాన్ని తొలగించింది. మన వ్యాసాలు ఇంకా తొలగించలేదు. దీనికి 'జాతి' అన్న మాట కూడా తోడైంది. హోమో ఎరెక్టస్ జాతి, తెలుగు జాతి, చెంచు జాతి అని ఒకే పదం వాడుతున్నప్పుడు, జీవశాస్త్రంలోని తేడా సమాజంలోని తేడాగా జారిపోవడానికి ఎంతో సేపు పట్టదు. జీవశాస్త్రార్థంలో 'జీవజాతి' అని పూర్తిగా రాయడం మేలు. ఆ మాటకొస్తే పూర్వీకులు ఎక్కడో అడవిలో లేరు. స్వాంటె పాబో బృందం 2010లో నియాండర్తల్ జన్యుపటాన్ని వెలువరించిన తరువాత, ఆఫ్రికా వెలుపలి మనుషులందరి జన్యువుల్లో సుమారు రెండు శాతం వారిదేనని తేలింది. మాదాపూర్ ఉద్యోగిలోనూ చెంచు పెంటలోని వేటగాడిలోనూ ఆ పాలు ఉంది.

మరి మనిషిని మనిషిని చేసేది ఏది? పనిముట్టు చేయగలగడమే అన్నది ఒకనాటి జవాబు. కెన్నెత్ ఓక్లీ 1949లో ఆ పేరుతోనే పుస్తకం రాశాడు. 1960లో గోంబేలో చింపాంజీలు ఆకులు దూసిన పుల్లలతో చెదలు పట్టడాన్ని జేన్ గుడాల్ చూసింది. పనిముట్టు చేజారింది, భాష అన్నారు. ఇప్పుడు ఐటీ కారిడార్‌లో కృత్రిమ మేధ వాక్యాలల్లుతుంటే భాష కూడా చేజారుతున్నదన్న కలవరం మొదలైంది. సామర్థ్యం కొలతగా ఉన్నంతకాలం గీత ఇట్లా జరుగుతూనే ఉంటుంది.

తెలుగు వాడుకలో వేరే కొలత ఒకటి ఉంది. 'మానవుడు' మనువు సంతతి, అంటే వంశాన్ని చెప్పే మాట. 'మనిషి' అట్లా కాదు. 'వాడూ ఒక మనిషేనా' అన్నప్పుడు మనం వంశాన్ని గాని తెలివిని గాని శంకించడం లేదు. మనిషితనం అన్నది ఎదుటివారిపట్ల నడతకు పేరు. ఈ అర్థాన్ని పురామానవ శాస్త్రం ముందు పెట్టి చూడవచ్చు. జార్జియాలోని ద్మానిసిలో సుమారు 17.7 లక్షల ఏళ్ళనాటి ఒక పుర్రె దొరికింది. ఒక్కటి తప్ప పళ్ళన్నీ చనిపోవడానికి చాలా ముందే ఊడిపోయి, దవడ ఎముక పూడుకుపోయింది. పళ్ళు లేకుండా ఆ ప్రాణి ఏళ్ళ తరబడి బతికింది. మెత్తని ఆహారం తానే వెతుక్కొని ఉండవచ్చునన్న అభ్యంతరముంది. కాని చలి తగిలే ఆ ప్రాంతంలో ఎవరో ఒకరు మాంసం దంచి పెట్టి ఉంటారన్న ఊహను తేలికగా తోసివేయలేము. మెదడు పరిమాణం మనదాంట్లో సగమైనా లేదు. పెట్టింది ఎవరైనా, ఆ పనికి తెలుగులో పేరు ఉంది.