మూలుగ మారితే మనిషెవరు?

ఈ వారం ఒక టీవీ సీరియల్ నన్ను మళ్లీ విసిగించింది. నెలల తరబడి సాగిన వారసుడి గొడవ ఒక్క డీఎన్‌ఏ రిపోర్టుతో తేలిపోయింది. కవరు చింపారు, అత్తగారు సోఫాలో కూలబడింది. ‘రక్తం తీసి చెబితే నమ్మేయడమేనా?’ అన్నాను. రిమోట్ నా చేతిలోంచి మాయమైంది.

నా అనుమానం ఊరికే కాదు. అమెరికాలో నెవాడా రాష్ట్రం రెనోలో షెరీఫ్ కార్యాలయ ఉద్యోగి ఒకాయనకు మూలుగ మార్పిడి చేశారు. దాత జర్మనీవాడు. ఆ కార్యాలయానికి సొంత క్రైమ్ ల్యాబ్ ఉంది కనుక సహోద్యోగులే ఆయన నమూనాలు తీసి చూశారు. నాలుగేళ్లయ్యేసరికి రక్తంలోని డీఎన్‌ఏ అంతా దాతదే. వీర్యంలోనూ అంతే (అప్పటికే ఆయనకు వేసెక్టమీ అయింది కనుక అందులో వీర్యకణాలు లేవు). బుగ్గ లోపల ఇద్దరిదీ కలిసి ఉంది. తల మీద, ఛాతీ మీద వెంట్రుకలు మాత్రం ఆయనవే. 2019లో వచ్చింది ఈ వార్త.

పాత పాఠకులకు నా పేచీ తెలుసు: రేషన్ షాపులో వేలిముద్ర మిషన్. మా వీధి చివర షాపులో ఒక ముసలావిడ, సిమెంటు పనిలో వేలి గీతలు అరిగిపోయినామె, వేలు కొంగుకు తుడుచుకుని పెట్టింది. పడలేదు. తడిచేసి పెట్టింది, పడలేదు. ‘ఇంకో వేలు పెట్టు పెద్దమ్మా’ అంటాడు డీలరు. వరసలో ఉన్నవాళ్లందరికీ ఆమె ఎవరో, కొడుకులెక్కడున్నారో కూడా తెలుసు. మిషన్ ఒక్కటే ఒప్పుకోలేదు. ఆ రోజు బియ్యం లేకుండానే వెళ్లింది. అప్పటినుంచీ ఒంటిని సాక్ష్యం అడిగే యంత్రం ఏదైనా నాకు అనుమానమే. అందుకే రెనో కథ చదివి సంబరపడ్డాను, డీఎన్‌ఏ పొగరు కూడా అణిగిందని.

అలాస్కాలో 2004 ప్రాంతంలో ఇంకా చిత్రం జరిగింది. అత్యాచారం కేసులో దొరికిన వీర్యం డీఎన్‌ఏ, రికార్డుల్లో ఉన్న ఒకడి రక్తంతో సరిపోయింది. నేరం జరిగిన రోజు వాడు జైల్లో ఉన్నాడు! తీగ లాగితే, వాడికి ఎన్నో ఏళ్ల కిందటే మూలుగ ఇచ్చిన సోదరుడు బయటపడ్డాడు. శిక్ష పడింది ఆ సోదరుడికి.

ఇక్కడే నా సంబరం చల్లారింది. పరీక్ష అబద్ధమాడలేదు కదా! రక్తకణాలు పుట్టేది మూలుగలో. మూలుగ ఎవరిదైతే రక్తం వారిదే. బుగ్గలో దూది పుల్ల తిప్పితే లాలాజలంలోని తెల్లకణాలు కూడా అంటుకొస్తాయి, అందుకే అక్కడ కలగలుపు. పైగా పోలీసు ల్యాబులు వాడే డీఎన్‌ఏ గుర్తులనే పోల్చి డాక్టర్లు మార్పిడి ఎంతవరకు కుదిరిందో చూస్తారు. దాన్ని కైమరిజం పరీక్ష అంటారు. రక్తం నూటికి నూరుపాళ్లూ దాతదని రిపోర్టు వస్తే ఆ ఇంట్లో పండగే. లుకేమియా రోగి రక్తంలో తన పాత డీఎన్‌ఏ మళ్లీ కనిపించడం మొదలైందా, జబ్బు తిరగబెడుతోందేమోనని గుబులు.

మరి ఆ మనిషిని పోల్చుకునేదెలా? చెప్పడానికి నాకు కాస్త ఇబ్బందే: వేలిముద్రతో. తల్లి కడుపులోనే ఏర్పడిన వేలి గీతలను మూలుగ మార్పిడి మార్చదు. ఒకే డీఎన్‌ఏ పంచుకున్న కవలలకు కూడా అవి వేరువేరు. రేషన్ మిషన్‌ను తిట్టడం నేను మానను. కానీ నమూనా ఇచ్చేవాళ్లను ‘మీకు మూలుగ మార్పిడి అయిందా?’ అని ముందే అడగాలి. అవునంటే రక్తంతో సరిపెట్టకుండా, కుదురుతో సహా నాలుగు వెంట్రుకలు పీకి, పక్కనే వేలిముద్ర కూడా వేయించుకోవాలి.