కఫీలు, కాగితం, పేరు: ‘ఆడుజీవితం’లో గుర్తింపు ప్రశ్న

బెన్యామిన్ మలయాళ నవల ‘ఆడుజీవితం’ (2008)ను ఎడారిలో చిక్కుకున్న ఒక మనిషి సహనగాథగా చదవడం పరిపాటి. 2024లో వచ్చిన చలనచిత్రం ఆ పఠనాన్నే బలపరిచింది. అయితే నవల ఎడారిలో కాక, నజీబ్, హమీద్ తమను పోలీసులు పట్టుకోవాలని రియాద్‌లోని బత్‌హా ఠాణా ముందు తచ్చాడటంతో మొదలవుతుంది. జైలు కోసం వెతుక్కునే స్వేచ్ఛాజీవితో మొదలైన కథలో అసలు సమస్య సహనం కాదు, గుర్తింపు.

కేరళలో ఏటి ఇసుక తీసే కూలీ నజీబ్. సౌదీలో విమానాశ్రయం నుంచి ఒక ‘అర్బాబు’ అతణ్ణి తీసుకుపోయి మేకలమందలో పడవేస్తాడు. అక్కడ అతడు మేకలకు ఊరివాళ్ల పేర్లు పెడతాడు. పుట్టబోయే కొడుకు కోసం దాచుకున్న ‘నబీల్’ అనే పేరును ఒక మేకపిల్లకు ఇస్తాడు. దీన్ని ఒంటరితనానికి ఊరటగా మాత్రమే చూడటం చాలదు. తనను పేరుపెట్టి పిలిచేవారు లేనిచోట పిలిచే హక్కునైనా నిలుపుకొనే ప్రయత్నమిది. అదీ దక్కదు. అర్బాబు నబీల్ వృషణాలను కోసివేసిన తరువాత నజీబ్ తన పురుషత్వమే పోయినట్లు భావిస్తాడు.

నవలకు గుండెకాయ జైలులోని గుర్తింపు కవాతు. పారిపోయిన పనివాళ్లను వెతుక్కుంటూ యజమానులు వస్తారు. హమీద్‌ను అతని అర్బాబు ఈడ్చుకుపోతాడు. నజీబ్ అర్బాబు మాత్రం భుజం తట్టి ముందుకు సాగిపోతాడు. నజీబ్ తన వీసాపై వచ్చినవాడు కాడని, అయివుంటే వదిలేవాణ్ణి కాదని అతడన్నట్లు తరువాత తెలుస్తుంది. మూడేళ్ల వెట్టికి దారితీసిన కాగితం లేమే ఇక్కడ విముక్తి హేతువైంది. సక్రమమైన కాగితం హమీద్‌ను బంధించింది. కార్మికుని నివాసార్హతను కఫీలు చేతిలో పెట్టే కఫాలా పద్ధతిపై ఇంతకంటె పదునైన విమర్శ అరుదు. కష్టాన్ని పదేపదే దైవపరీక్షగా చెప్పే చోట్ల నవల ఈ పదును కోల్పోతుందన్నది కూడా నిజం.

కఫీలును విడిచి, కాగితాలు లేకుండా బతికే వలసకూలీని తెలంగాణ గల్ఫ్ కార్మికులు ‘ఖల్లివెల్లి’ అంటారు. ఆ మాట నజీబ్‌కు అతకదు. చట్టం దృష్టిలో అతడు విడిచివచ్చిన యజమాని అంటూ ఎవరూ లేరు. అది అతికేది హమీద్‌కే.