చేపు

"బిడ్డకు పాలియ్యడం గూడా నేర్చుకోవల్లనా పాపా?"

జేజి ఈ మాట వెక్కిరింతకు అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. నాకు తొమ్మిదో నెల పడి వారమైంది. తొలి కాన్పుకు డోనులో మా పుట్టింటికి వచ్చాను. బేతంచెర్ల బండలు పరిచిన జేజి గదిలో గోడకు ఆనుకుని కూర్చుని, ఒడిలో దిండు పెట్టుకుని, బిడ్డ తల మోచేతి వంపులోకి ఎట్లా రావాలో సరిచూసుకుంటున్నాను. జేజి వక్క నములుతూ కాసేపు చూసింది, ఆపైన అడిగింది.

ఆమెకు ఏడుగురు పుట్టారు, ఐదుగురు దక్కారు. ఎవరూ ఏమీ నేర్పలేదంటుంది. నేను ఊరుకోకుండా తరచి అడిగాను. పెళ్ళి కాకముందు ఎవరైనా బిడ్డకు పాలివ్వడం చూశావా అని. "సూడకేం! మా అక్కను సూసినా, సిన్నమ్మను సూసినా. చెనిక్కాయలు వల్సుకుంటా ఇస్తాండ్రి, కళ్ళంలో చెట్టు కింద కూచోని ఇస్తాండ్రి." ఎనిమిదేళ్ళ వయసులో తమ్ముణ్ణి చంకనేసుకుని, పాలవేళకు చేనికాడ ఉన్న అమ్మ దగ్గరికి మోసుకుపోయేదట. అంటే జేజి నేర్చుకుంది. నేర్చుకుంటున్నానని తెలియకుండా పదేళ్ళ పాటు నేర్చుకుంది.

నా సంగతి వేరు. ఒక పసిబిడ్డ రొమ్ము పట్టుకోవడాన్ని ముప్ఫై ఏళ్ళ దాకా దగ్గర నుంచి చూసింది లేదు. బస్సులోనో రైల్లోనో ఎవరైనా తల్లి కొంగు చాటున పాలిస్తుంటే చూపు తిప్పుకోవడమే మర్యాద అని పెరిగాను. మా ఇళ్ళలో బిడ్డలు పుట్టలేదని కాదు. పుట్టినప్పుడల్లా గది తలుపు మూసేవాళ్ళు, పెళ్ళికాని ఆడపిల్లను లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు అదే ఆడపిల్లకు అన్నీ వాటంతటవే తెలిసి ఉంటాయని అనుకుంటున్నారు.

ఈ విషయం ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం మా వదిన. మూడేళ్ళ కిందట ఆమెకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. బిడ్డను ఒకసారి చూపించి వేరే గదిలోకి తీసుకుపోయారు. తల్లి పక్కలోకి తెచ్చేసరికి సాయంత్రమైంది. అప్పటికే సీసా పట్టారు. రెండోరోజు వదిన పడక చుట్టూ పదకొండు మందిమి నిలబడి ఉన్నాం. వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న, "పాలు పడినాయా?" నేనూ అడిగాను. వదిన జవాబు చెప్పకుండా గోడవైపు తిరిగింది. మూడోరోజు రాత్రికి రొమ్ములు రాయిలా గడ్డకట్టి, జ్వరం వచ్చింది. పాలు లేకపోవడం కాదది. లోపల నిండిన పాలు బయటికి రాకపోవడం. బిడ్డకు నోటి పట్టు కుదిర్చి చూపించిన మనిషి ఆ మూడు రోజుల్లో ఒక్కరూ లేరు. "దీనికి పాలు లేవులే" అన్న మాట మాత్రం ఆసుపత్రి గడప దాటి చుట్టాలందరికీ చేరింది. వదిన ఇప్పటికీ ఆ మాట మోస్తోంది.

మా నాయన ఎనుమును పిండేటప్పుడు కొత్తవాళ్ళను కొట్టం దగ్గరికి రానివ్వడు. మేం పిల్లలం అరుస్తూ పరిగెత్తితే కేకలేసేవాడు. ఎనుము బెదిరితే ఎగజేపుతుంది. పొదుగు నిండా పాలున్నా చుక్క వదలదు. దూడను విడిచి, నాలుగు కుమ్ములు కుమ్మనిచ్చి, మెడ నిమిరి, నిదానంగా కూర్చుంటే చేపుతుంది. చేపు అనేది ఎంత మంచి మాట! పాలు ఉండటం వేరు, చేపడం వేరు అని తెలిసిన భాష మనది. డాక్టర్లు చెప్పేదీ ఇదే. బిడ్డ చీకుతుంటే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై రొమ్ములోని సన్నని కండరాలను బిగిస్తుంది, పాలు ముందుకు వస్తాయి. నొప్పి, భయం, సిగ్గు, దిగులు దాన్ని అడ్డుకుంటాయి. వచ్చిన పాలు ఎంత ఖాళీ అయితే అంత మళ్ళీ ఊరతాయి. తీయకుండా నిలవుంచితే ఊరడం తగ్గుతుంది. మా ఇంట్లో ఎనుముకు దొరికిన ఆ కాస్త నిదానం మా వదినకు దొరకలేదు.

అందుకే నా సన్నాహంలో మొదటి పని కొనుగోళ్ళు కాదు, మనుషులతో మాట్లాడటం. అమ్మతో చెప్పాను: మొదటి మూడు రోజులు నన్ను ఎవరూ "పాలు పడినాయా" అని అడగకూడదు. "తిన్నావా" అని అడగండి, చాలు. చూడటానికి వచ్చేవాళ్ళను హాల్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపండి. అమ్మకు ఇది కష్టంగానే ఉంది. బిడ్డను చూపించకపోతే ఏమనుకుంటారో అని. అనుకుంటే అనుకోనీ అని నాయన తేల్చేశాడు. ఆ పూట ఆయన మీద నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు.

మొదటి మూడు రోజులని ఎందుకంటున్నానంటే, ఆ రోజుల్లో వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుపచ్చగా, చాలా కొద్దిగా వస్తాయి. మొదటిరోజు ఒక్కో విడతకు ఒక చెంచా వచ్చినా బిడ్డ పొట్టకు అది సరిపోతుంది. రోగాల నుంచి కాపాడే గుణం అందులో మెండుగా ఉంది. బిడ్డ మొదటి రోజుల్లో కొంచెం బరువు తగ్గడం కూడా మామూలే. నూటికి ఏడు, పది పాళ్ళ వరకు తగ్గి, రెండు వారాలలోపు మళ్ళీ పుంజుకుంటుంది. ఇది తెలియక తల్లి గుండె జారిపోతుంది, ఇంట్లోవాళ్ళు డబ్బా తెరుస్తారు. నాకు తలచుకున్నప్పుడల్లా బాధ కలిగించేది ఇంకొకటుంది. మా వీధిలో ఎనుము ఈనితే ఆ ముర్రుపాలతో జున్ను వండి ఇంటింటికీ గిన్నెల్లో పంచుతారు. అంత అపురూపం. అదే వీధిలో తల్లి ముర్రుపాలను పచ్చిపాలనీ చెడ్డపాలనీ పిండి పారబోశారు, బిడ్డకు చక్కెర నీళ్ళు పోశారు.

ఆ అలవాటు పూర్తిగా పోయిందని అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 88 పైచిలుకు కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మాత్రం నూటికి 42 మందికి మించలేదు. మంత్రసానిని తప్పుపట్టే రోజులు పోయాయి. డాక్టరూ నర్సూ ఉన్నచోటే ఆ గంట జారిపోతోంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే అని అదే సర్వే చెబుతోంది. కాబట్టి నాకూ ఆపరేషన్ కావచ్చని ముందే అనుకుంటున్నాను. పోయిన నెల చెకప్‌లో డాక్టరమ్మను అడిగాను, ఆపరేషన్ అయినా బిడ్డను వెంటనే నా ఛాతీ మీద పడుకోబెడతారా అని. తల్లీబిడ్డా బాగుంటే తప్పకుండా, అని నా ఫైలు మీద రాసింది. అడగకపోతే రాసేది కాదేమో.

జేజి ఇవన్నీ వింటూ ఒకరోజు ఉన్నట్టుండి లేచి, తన పాత నూలు చీరను మడిచి, చుట్టి, మూరెడు మూట చేసింది. తలకాయ కోసం ఒక కొసను ముడేసింది. "ఆ దిండు పక్కనబెట్టు. ఇది పట్టు" అంది. నేను మూటను వెల్లకిలా పట్టుకుని, దాని ముఖం మాత్రం నావైపు తిప్పాను. జేజి నా చేతి మీద ఒకటేసింది. "నువ్వు మెడ పక్కకు దిప్పి నీళ్ళు తాగు సూద్దాం!" తాగి చూశాను. గుటక పడలేదు. బిడ్డ ఒళ్ళంతా నావైపే తిరగాలి, పొట్టకు పొట్ట ఆనాలి. నేను వంగి రొమ్మును బిడ్డ నోట్లో కుక్కకూడదు, బిడ్డనే దగ్గరికి తెచ్చుకోవాలి. చనుమొన బిడ్డ ముక్కుకు ఎదురుగా ఉంటే వాసనకు తల వెనక్కి వాల్చి ఆవలించినంత నోరు తెరుస్తుంది. ఆ క్షణంలో దగ్గరికి లాక్కోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం చాలామటుకు నోట్లోకి పోవాలి, కింది పెదవి బయటికి విచ్చుకోవాలి. జేజి తన బొటనవేలితో నా కింది పెదవినే బయటికి మడిచి చూపించింది. వక్క వాసన వేసే ఆ వేలు నాకు ఏ వీడియో చెప్పలేనిది చెప్పింది. పట్టు సరిగ్గా ఉంటే నొప్పి ఉండదు. నొప్పిగా ఉంటే చిటికెనవేలు బిడ్డ నోటి మూలలోకి పోనిచ్చి విడిపించి, మళ్ళీ మొదలు. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. జేజి లెక్క వేరే. "ఏడ్సక ముందే ఇయ్యల్ల. నోరు సప్పరిస్తాది, సేతులు నోట్లో పెట్టుకుంటాది. అప్పుడే ఇయ్యల్ల. ఏడ్సినాక పట్టుకోదు."

నేర్చుకోవడానికేముంది అని అడిగిన మనిషే ఇంత నేర్పింది.

జేజికీ నాకూ పడనిది నీళ్ళ దగ్గర. కాన్పు రోహిణి కార్తెలో పడేట్టుంది. రోళ్ళు పగిలే ఎండలో పసిబిడ్డకు రెండు చెంచాల నీళ్ళు తాపకపోతే నాలుక పిడచగట్టుకుపోతుందని ఆమె భయం. బాలింతకు మాత్రం నీళ్ళు ఎక్కువిస్తే పొట్ట పెరుగుతుంది, తక్కువే ఇవ్వాలంటుంది. నిజం సరిగ్గా దానికి తిరగేసి ఉంది. తల్లిపాలలో నూటికి 88 పాళ్ళు నీళ్ళే. ఢిల్లీలో హెచ్.పి.ఎస్. సచ్‌దేవ్ అనే పిల్లల డాక్టరు, ఆయన తోటివాళ్ళు మండు వేసవిలోనే దీన్ని పరీక్షించి చూసి, 1991లో ఫలితాలు ప్రచురించారు. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డలకు వేరే నీళ్ళు అవసరం లేదని తేలింది. నీళ్ళతో పొట్ట నిండితే బిడ్డ రొమ్ము తక్కువ చీకుతుంది, పాలు తగ్గుతాయి. ఆరు నెలల దాకా చుక్క నీరు వద్దు. నీళ్ళు కావలసింది నాకు. చాలా వాదన తర్వాత జేజి ఒక మెట్టు దిగింది. వాము వేసి కాచి చల్లార్చిన నీళ్ళైతే బాలింత ఎన్ని చెంబులైనా తాగొచ్చట. రాజీ కుదిరింది.

అమ్మ దిగులు ఇంకోటి. "ఈ బక్క ఒంటికి పాలెక్కడివి?" కరువు సీమలో పుట్టిన ప్రతి తల్లికీ ఈ దిగులు ఆనువంశికం. 1950లలో కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల పాలను కొలిచి పరిశీలించారు. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. చాలీచాలని తిండి తింటున్న తల్లులు కూడా బిడ్డకు చెప్పుకోదగినన్ని పాలిస్తున్నారని ఆయన చూపారు. ఒళ్ళు కరిగించుకుని ఇస్తున్నారు. అంటే బాలింతకు కడుపునిండా పెట్టాల్సింది పాల కోసమని కాదు, ఆమె కోసమే. పథ్యం పేరుతో కూర, పప్పు, పండు ఆపడం నాకు నచ్చనిది అందుకే. కాయం ఉండలు, వెల్లుల్లి కారం సంతోషంగా తింటాను. వాటితో పాటు మునగాకూ పప్పూ కూడా నా కంచంలో ఉండాలని గట్టిగా చెప్పాను.

ఇంత చేసినా కొందరికి పాలు చాలవు. కొందరు బిడ్డలు నెలలు నిండక పుడతారు, చీకలేరు. అలాంటి బిడ్డల కోసమే 2017లో హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకు పెట్టారు. డాక్టరు చెప్పినప్పుడు డబ్బాపాలు పట్టడంలో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడంటే, అవసరం లేని తల్లికి భయంపెట్టి అమ్మడంలో. 1992 చట్టం పాలపొడి ప్రకటనలను, ఉచిత శాంపిళ్ళను నిషేధించింది అందుకే.

మా ఆయన హైదరాబాదు నుంచి శని, ఆదివారాలు వచ్చిపోతున్నాడు. బిడ్డకు తేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, ఐదోరోజు నుంచి రోజుకు ఆరు గుడ్డలైనా తడుస్తున్నాయా అని లెక్కపెట్టడం ఆయన పనులు. తాగిన పాలు చాలుతున్నాయని చెప్పే సాక్ష్యం ఆ తడిగుడ్డలే. ఆశా కార్యకర్త మూడోరోజు, ఏడోరోజు, ఆపైన నలభై రెండో రోజు దాకా వచ్చి చూస్తుంది. మూడోరోజు తప్పిపోకుండా రమ్మని ఇప్పుడే చెప్పి పెట్టాను.

నిన్న జేజి తన ట్రంకుపెట్టెలోంచి ఉగ్గుగిన్నె తీసింది. అరచేతిలో ఇమిడే వెండి గిన్నె, ఒక పక్క పిట్టముక్కులా సాగిన కొస. మా నాయన తాగినదే, నేను తాగినదే. చింతపండుతో తోమి, మరిగే నీళ్ళలో వేశాం. రొమ్ము పట్టలేని పసిగుడ్లకు తల్లిపాలు పోయడానికి మన ఆసుపత్రుల్లో ఇలాంటి గిన్నెనే వాడతారు, పాలడై అనే తమిళ పేరుతో. సీసా కంటే ఇదే మేలంటారు. ఈ మాట చెబితే జేజి ముఖం వెలిగింది. తర్వాత అసలు మాటకు వచ్చింది. బిడ్డ పుట్టగానే ఇందులో తేనె, ఆముదం రంగరించి నాకించాలి కదా అంది. వద్దు జేజీ అన్నాను. ఏడాది నిండని బిడ్డకు తేనె పెడితే ప్రమాదం, అందులో ఒక్కోసారి ఉండే సూక్ష్మజీవి బీజాలు పసిపేగులో మొలకెత్తి విషం పుట్టిస్తాయని చెప్పాను. మీ నాయనకు ఇచ్చినా, మీ అత్తకు ఇచ్చినా, ఏమన్నా అయిందా అంది. నేను మాట్లాడలేదు.

గిన్నెను నీళ్ళలోంచి తీసి, తెల్లగుడ్డ మీద బోర్లించి, చాలాసేపు చూస్తూ కూర్చుంది. గుంతకల్లు వైపు పోయే బండి కూత పెట్టింది.

"రెండోదానికి మూడు దినాలు సెక్కర నీళ్ళే పోసినాం," అంది. అంతే అంది.

బండి పోయాక గిన్నెను గుడ్డలో చుట్టి, నా కాన్పు సంచిలో, బిడ్డ చొక్కాల పైన పెట్టింది.

"మొదట నీ పాలే పోద్దాంలే."