ఎండకు కొలత పెట్టిన పనితనం

2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే మనకు ఆ అంకె మరీ కొత్తగా అనిపించదు. అక్కడివాళ్లకూ అప్పట్లో అంతగా అనిపించలేదు. వడదెబ్బకు చనిపోయినవాళ్ల వార్తలు కొన్ని పత్రికల్లో వచ్చాయి. నెల గడిచింది, వానలు పడ్డాయి, ఊరు తన పనిలో తాను పడిపోయింది.

కానీ నగరపాలక సంస్థ మరణాల రిజిస్టరు వేరే సంగతి చెబుతోంది. ఆ ఒక్క నెలలో నమోదైన మరణాలు 4,462. అంతకు ముందటేడు, ఆ తర్వాతి ఏడు మే నెలలు రెండింటి సగటు 3,118. తేడా 1,344. అంటే నూటికి 43 మంది ఎక్కువగా పోయారు. ఒక్క నగరంలో, ఒక్క నెలలో వెయ్యిమందికి పైగా పోతే ఎవరికీ తెలియకపోవడం ఎలా సాధ్యం? ఎండ వల్ల చనిపోయిన మనిషి మరణ ధ్రువపత్రం మీద ఎండ పేరు ఉండదు కనుక సాధ్యం. గుండెపోటు అని ఉంటుంది, కిడ్నీలు చెడిపోయాయని ఉంటుంది, వయసు మీద పడిందని ఉంటుంది. రేకుల ఇంట్లో మంచం మీదే పోయిన ముసలమ్మను వడదెబ్బ ఖాతాలో ఎవరూ రాయరు.

ఈ లెక్క తీసింది గాంధీనగర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ పరిశోధకులు, వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లు. అహ్మదాబాద్‌ను ఆనుకున్నట్టే ఉండే ఊరు గాంధీనగర్. సంస్థ కూడా చిన్నది, 2008లో మొదలైంది. విశ్వవిద్యాలయం హోదా 2015లో వచ్చింది. దాని తోబుట్టువు సంస్థ మన హైదరాబాద్‌లోనూ ఉంది. డాక్టర్ దిలీప్ మావలంకర్ నాయకత్వంలో ఆ బృందం చేసిన పనిని దగ్గర్నుంచి చూడాలని ఈ వ్యాసం. ఒక విద్యాసంస్థ తన పక్కనున్న ఊరికి అక్కరకు రావడమంటే ఏమిటో ఇంత వివరంగా చూపించే పని మన దేశంలో నాకు మరొకటి కనబడలేదు.

మొదట మెచ్చుకోవలసింది వాళ్లు అడిగిన ప్రశ్నను. ఫలానా మనిషి ఎండకే చనిపోయాడా, కాదా అని తేల్చాలని కూర్చుంటే ఆ వాదన ఇప్పటికీ తెగేది కాదు. వాళ్లు కారణాల జోలికే పోలేదు. ఏ కారణమైనా సరే, ఎంతమంది పోయారు? మామూలు మే నెలలో ఎంతమంది పోతారు? ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడమే. దీనికి కొత్త యంత్రాలు, కొత్త సర్వేలు అక్కర్లేదు. కావలసిన సమాచారమంతా నగరపాలక సంస్థ గదుల్లోనే ఉంది. దాన్ని ఆ కంటితో చూసినవాళ్లే లేరు.

ఇంకో విషయం. ఈ పరిశోధన అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది 2014లో. దాని ఆధారంగా తయారైన నగర ప్రణాళిక అమల్లోకి వచ్చింది 2013 ఏప్రిల్‌లో. అంటే వ్యాసం పత్రికకు చేరి, అచ్చయ్యేదాకా ఊరు ఆగలేదు. సంగతి ముందు ఊరికి చెప్పారు, లోకానికి తర్వాత చెప్పారు. ప్రచురణల సంఖ్యతో పదోన్నతులు తూచే మన విద్యావ్యవస్థలో ఈ వరస చిన్న విషయం కాదు.

ఆ ప్రణాళికే హీట్ యాక్షన్ ప్లాన్. దక్షిణాసియాలో ఇలాంటిది అదే మొదటిది. నగరపాలక సంస్థ, గాంధీనగర్ సంస్థ ముందుంటే, అమెరికా నుంచి ఎన్ఆర్‌డీసీ అనే పర్యావరణ సంస్థ, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం, జార్జియా టెక్, న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ వైద్య కళాశాల తలా ఒక చెయ్యి వేశాయి.

ఇందులో నాకు బాగా నచ్చే భాగం ఎండకు గీతలు గీయడం. మైదాన ప్రాంతాల్లో 45 డిగ్రీలు తాకితే వడగాడ్పు అని వాతావరణ శాఖ ప్రమాణం. దేశంలోని మైదానాలన్నిటికీ అదొక కొలత. కానీ మనిషి ఒళ్లు దేశం సగటు చూసి అలసిపోదు కదా. అహ్మదాబాద్ మనిషి ఎన్ని డిగ్రీల దగ్గర తట్టుకోలేకపోతున్నాడు? దీనికి జవాబు కోసం ఆ ఊరి రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతలను, అదే రోజుల మరణాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఎక్కడి నుంచి మరణాల గీత పైకి లేవడం మొదలుపెడుతోందో, ఎక్కడ నిట్టనిలువుగా ఎగబాకుతోందో గుర్తుపట్టారు. 41 దాటి 43 దాకా పసుపు. 43.1 నుంచి 44.9 దాకా నారింజ. 45, ఆపైన ఎరుపు. వడ్రంగి నాగలి చెక్కేముందు రైతు ఎడ్ల ఎత్తు చూసుకున్నట్టు, ఈ అంకెలు ఆ ఊరి ఒంటిని చూసి పెట్టినవి. ఇవే అంకెలు తెచ్చి గాలిలో తేమతో ఉడికిపోయే విశాఖకో, రాత్రి కూడా రాయి చల్లారని రామగుండానికో అంటిస్తే పనిచేయవు. ఈ మాట ప్రణాళిక తయారుచేసినవాళ్లే చెబుతూ వచ్చారు.

గీతలు గీస్తే సరిపోదు, ఆ గీత రేపో ఎల్లుండో దాటబోతున్నామని ముందే తెలియాలి. దీనికి జార్జియా టెక్‌లో పీటర్ వెబ్‌స్టర్ బృందం సాయం చేసింది. ఆ బృందం వాడుకున్నది యూరప్ వాతావరణ కేంద్రం అంచనాలను. ఆ కేంద్రం తన నమూనాను ఒక్కసారి నడిపి ఊరుకోదు. మొదటి కొలతలను కొద్దికొద్దిగా మార్చి 51 సార్లు నడుపుతుంది. ఆ 51 జవాబుల్లో ఎన్ని 45 దాటుతున్నాయో చూస్తే ఎరుపు రోజు రావడానికి అవకాశం ఎంతో తెలుస్తుంది. అలా వారం ముందుగానే అహ్మదాబాద్‌కు అంచనా అందేది. వారం అంటే ఆసుపత్రికి ఐసు, సెలైన్ నిల్వ చేసుకునే వ్యవధి. నీళ్ల ట్యాంకర్లు ఏ బస్తీకి వెళ్లాలో తేల్చుకునే వ్యవధి. తర్వాతి ఏళ్లలో మన వాతావరణ శాఖే ఈ బాధ్యత తీసుకుంది. నిజానికి బయటివాళ్ల సాయం ఎప్పుడూ ఇలా ఇంటివాళ్ల చేతికి రావాలి.

ఇంతవరకూ శాస్త్రం. ఇక్కడి నుంచి గుమాస్తా పని, అసలు నేర్పంతా అందులోనే ఉంది. అంతకు ముందు కూడా ఎండ హెచ్చరికలు వచ్చేవి, పేపర్లో పడేవి. ఆ హెచ్చరిక చదివి ఫలానా మనిషి ఫలానా పని చేయాలన్న ఏర్పాటు మాత్రం లేదు. అందరి బాధ్యత అయినది ఎవరి బాధ్యతా కాకుండా పోయేది. ప్రణాళికలో మొదటి ఏర్పాటు ఒక నోడల్ అధికారి. నారింజ రంగు వస్తే మొదటి ఫోను ఆయన దగ్గర్నుంచి పోతుంది. ఆసుపత్రులకు, పట్టణ ఆరోగ్య కేంద్రాలకు, 108కి, నీటి సరఫరా విభాగానికి, కరెంటు సంస్థకు, పత్రికలకు కబురు అందుతుంది. ప్రతి విభాగానికీ వేసవికి ముందు ఏం చేయాలి, వేసవిలో ఏం చేయాలి, వేసవి అయ్యాక ఏం లెక్క చూసుకోవాలి అని విడివిడిగా రాసి పెట్టారు. ఆ కాగితాల్లో గొప్ప మాటలేవీ లేవు. వైద్యులకు, నర్సులకు ఎండదెబ్బ లక్షణాలు గుర్తుపట్టడంలో శిక్షణ. అంబులెన్సుల్లో ఐసు ప్యాకులు. బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తల చేతిలో గుజరాతీలో కరపత్రాలు. చలివేంద్రాలు. మధ్యాహ్నం పూట కూడా తెరిచి ఉంచే పార్కులు. 108 పుట్టింది మన హైదరాబాద్‌లో, 2005లో. రెండేళ్లకు గుజరాత్‌కూ వెళ్లింది. ఆ ఫోను కాల్స్ లెక్కే అహ్మదాబాద్‌లో ఎండ జనం మీద ఎలా పనిచేస్తోందో ఆనాటికానాడు చెప్పే ఆనవాలు అయింది.

ఏ బస్తీలో ఏం కావాలో కూర్చున్న చోటి నుంచి ఊహించలేదు. 2011లో మురికివాడల్లో 300 కుటుంబాలను ఎంచుకుని అడిగారు. నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు, పని ఎండలోనా నీడలోనా, ఇంట్లో అప్పటికే జబ్బులున్నవాళ్లు ఎవరు, ఎండ గురించి కబురు ఎవరి ద్వారా తెలుస్తుంది. బళ్లు తోసేవాళ్లు, కట్టడం పనివాళ్లు, ముసలివాళ్లు, పసిపిల్లలు ఒకే ఎండను వేర్వేరుగా అనుభవిస్తారన్న ఎరుక ప్రణాళిక నిండా కనిపిస్తుంది.

పసిపిల్లల మాట వచ్చింది కనుక ఒక ఆసుపత్రి దగ్గర ఆగాలి. అహ్మదాబాద్‌లో శారదాబెన్ ఆసుపత్రి నగరపాలక సంస్థది, పేదలు వచ్చేది. దాని ప్రసూతి వార్డు ఒకప్పుడు పై అంతస్తులో ఉండేది. డాబా కింద గది, ఏసీ లేదు. పగలంతా కప్పు పీల్చుకున్న వేడి రాత్రికి గదిలోకి దిగేది. పుట్టి ఒకటి రెండు రోజులైన బిడ్డకు తన ఒంటి వేడిని తానే అదుపులో పెట్టుకునే శక్తి ఇంకా రాదు; చెమట కూడా సరిగ్గా పట్టదు. 2010 ఎండల్లో ఒళ్లు కాలిపోతూ నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌కు చేరిన పిల్లల వివరాలను వైద్యులు తీసి చూశారు. 42 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి అలా చేరే పిల్లల సంఖ్య నూటికి 43 చొప్పున పెరుగుతోందని తేలింది. ఆ వార్డును కింది అంతస్తుకు దించారు. దించాక ఎండ కారణంగా చేరికలు నూటికి 64 తగ్గాయని వాళ్ల లెక్క.

మంచాలు, ఊయలలు మెట్ల మీదుగా కిందికి దించడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ ఊళ్లో ఆసుపత్రి ఉంది, మెట్లు ఉన్నాయి, కింద గదులున్నాయి. లేనిదల్లా పై అంతస్తుకూ పిల్లల జ్వరానికీ ముడి ఉందని కాగితం మీద చూపించే చెయ్యి. రికార్డులు తిరగేసి ఆ ముడిని చూపించిన చెయ్యి ఎవరిదో గానీ, దానికి నమస్కారం పెట్టాలనిపిస్తుంది. మన జిల్లా ఆసుపత్రుల్లో ఎన్ని ప్రసూతి వార్డులు డాబా కింద ఉన్నాయో ఈ వేసవికి ముందే చూసుకుంటే బాగుంటుంది.

ఇక వాళ్ల పనికి వాళ్లే పెట్టుకున్న పరీక్ష. ప్రణాళిక వచ్చాక నిజంగా ప్రాణాలు నిలిచాయా? 2007 నుంచి 2010 దాకా ఉన్న కాలాన్ని, 2014, 2015 సంవత్సరాలను పోల్చారు. అదే స్థాయి ఎండలకు రెండు కాలాల్లో మరణాలు ఎలా ఉన్నాయో చూశారు. 2018లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం ఏడాదికి సగటున 1,190 ప్రాణాలు దక్కాయి. దాని పక్కనే ఇంకో రెండు అంకెలు కూడా అచ్చువేశారు: అసలు సంఖ్య 162 కావచ్చు, 2,218 కావచ్చు. ఇంత వెడల్పైన అనుమానాన్ని దాచకుండా ముందే చెప్పడం నాకు ఆ పెద్ద అంకె కంటే ఎక్కువ నమ్మకం కలిగించింది. ఒకే నగరం, రెండే ఏళ్లు. దీన్ని బట్టి అంతకంటే గట్టిగా చెప్పడానికి లేదు, వాళ్లూ చెప్పలేదు.

2015 వేసవి మనకు గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వ లెక్కల ప్రకారమే వడదెబ్బ మరణాలు 1,900 దాటాయి. లెక్కలోకి రానివాళ్ల సంగతి అహ్మదాబాద్ రిజిస్టరు చూశాక వేరే చెప్పక్కర్లేదు. మరుసటి ఏడాది జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఎండల మీద మార్గదర్శకాలు తెచ్చింది, తెలంగాణ కూడా తన ప్రణాళిక రాసుకుంది. హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ట్రిపుల్ ఐటీ కలిసి దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూశారు. లోపల సుమారు రెండు డిగ్రీలు తగ్గింది. రేకుల కింద నిద్రపోయేవాళ్లకు రెండు డిగ్రీలంటే ఏమిటో ఆ కింద పడుకున్నవాళ్లకే తెలుస్తుంది. ఆ ప్రయోగాలు పెరిగి 2023లో రాష్ట్ర కూల్ రూఫ్ విధానంగా మారాయి. 2028 కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పులు లక్ష్యం.

అయినా ఈ పనిలో ఒక ఖాళీ మొదటి నుంచీ ఉంది. ఎరుపు రోజున మధ్యాహ్నం పని ఆపమని కాగితం చెబుతుంది. అడ్డా మీద నిలబడ్డ కూలీ ఆపితే ఆ పూట కూలి ఎవరిస్తారు? కరపత్రం చదివి, మజ్జిగ తాగి, మళ్లీ ఎండలోకే పోతాడు. ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెట్టింది అహ్మదాబాద్‌లోనే పుట్టిన ‘సేవా’ (SEWA) అనే సంఘం, అసంఘటిత రంగంలోని స్త్రీ కార్మికులది. ఉష్ణోగ్రత ముందుగా అనుకున్న గీత దాటగానే ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే డబ్బు ఖాతాలో పడే ఏర్పాటు వాళ్లు చేశారు. 2024 వేసవిలో గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లో దాదాపు 50 వేల మంది స్త్రీలు ఆ పథకంలో ఉన్నారు. ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు వాళ్లలో ఎక్కువమందికి 400 రూపాయల చొప్పున అందింది. 400 ఒక రోజు కూలికి సరిపోవచ్చు, ఎండ వారం రోజులు కాస్తే సరిపోదు. ఎన్ని డిగ్రీలకు ఎన్ని పనిగంటలు పోతున్నాయి, ఆ గంటల ఖరీదెంత అన్న లెక్క ఊరూరా తీయవలసి ఉంది. దానికి ఉస్మానియాలోనూ, ఆంధ్రా విశ్వవిద్యాలయంలోనూ అర్థశాస్త్ర శాఖలున్నాయి, రెండు ఊళ్లలోనూ వైద్య కళాశాలలున్నాయి, మరణాల రిజిస్టర్లు నగరపాలక సంస్థల్లో ఉన్నాయి.